మూడు పార్సిల్ సర్వీసులు ఒకే రూట్ వేసుకుంటే మిగిలిన డబ్బు ఎవరికెంత?

విజయవాడలో పొద్దున్నే వారధి దగ్గర నిలబడితే గుంటూరు వైపు వెళ్లే పార్సిల్ బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి, పేర్లు వేరు, రంగులు వేరు, కానీ వెళ్లేది మాత్రం అదే మంగళగిరి, అదే గుంటూరు పట్నంబజారు, అదే తెనాలి. చాలా బండ్లు నిండా ఉండవు. సగం లోడే ఉన్నా బండి తియ్యాల్సిందే, ఎందుకంటే రేపటికి అందిపోతుందని బుకింగ్ ఆఫీసులో కస్టమర్‌కి మాట ఇచ్చేశారు. లోడ్ సగమే కదా అని కాజ టోల్‌గేట్‌లో టోల్ సగం తీసుకోరు, డ్రైవర్ బత్తా సగం అవ్వదు, డీజిల్ కూడా కాస్త తగ్గుతుందేమో గానీ సగానికి రాదు. తిరుగులో ఖాళీగా వస్తే ఆ ఖర్చు కూడా పొద్దున వేసిన లోడ్ మీదే పడుతుంది.

ఇది చూసిన ఎవరికైనా తట్టేది ఒకటే, వీళ్లంతా సరుకు కలిపేసుకుని తక్కువ బండ్లతో తిప్పుకోవచ్చు కదా అని. ఆ సంగతి ఓనర్లకి తెలియక కాదు, చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అనుకున్నవాళ్లే, కొంతమంది మొదలెట్టి కొన్నాళ్లకి వదిలేసినవాళ్లు కూడా. నేను గట్టిగా నమ్మేది ఏంటంటే ఈ పొత్తులు చెడేది రూట్ దగ్గర కాదు, మిగిలిన డబ్బు ఎలా పంచుకోవాలి అన్న దగ్గర. రూట్ వెయ్యడానికి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవచ్చు, పంపకం మాత్రం కొనుక్కుంటే వచ్చేది కాదు, కానీ దానికీ ఒక లెక్క ఉంది, ఆ లెక్క గురించి డెబ్భై ఏళ్లుగా పెద్దపెద్ద బుర్రలు పని చేశాయి, అది పెన్నూ కాగితంతో అర్థమయ్యేదే.

ముందు అసలు ఆదా ఎక్కడ్నుంచి పుడుతుందో చూద్దాం. 1959లో జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ అని ఇద్దరు, ఒక టెర్మినల్ నుంచి బోలెడన్ని పెట్రోల్ బంకులకి ట్యాంకర్లు ఏ వరసలో పంపాలి అన్న ప్రశ్నని లెక్కగా రాశారు, బండి రూట్ల శాస్త్రం అక్కణ్నుంచే మొదలైందని చెప్పుకుంటారు. 1964లో క్లార్క్, రైట్ అనే ఇంకో ఇద్దరు దానికి ఓ తేలిక పద్ధతి చెప్పారు, ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్ల లోపల ఏదో ఒక రూపంలో అదే ఉంటుంది. మీ గోడౌన్ నుంచి ఒక షాపు 30 కిలోమీటర్లు, ఇంకో షాపు 32 కిలోమీటర్లు, ఆ రెండు షాపుల మధ్య 3 కిలోమీటర్లు అనుకోండి. విడివిడిగా వెళ్లొస్తే మొత్తం 124. ఒకే ట్రిప్పులో కలిపితే 30, 3, 32, మొత్తం 65. అంటే 59 కిలోమీటర్లు మిగిలాయి, మొదటి షాపు నుంచి ఖాళీగా వెనక్కి రావడం, రెండో షాపుకి మళ్లీ గోడౌన్ నుంచి వెళ్లడం రెండూ తప్పిపోయాయి కాబట్టి.

ఇది ఒకే కంపెనీ లోపల అయితే అందరూ చేసేదే. చిక్కు ఎక్కడంటే ఆ రెండో షాపు పక్క సర్వీసు వాళ్ల కస్టమర్. ఒక్కో సర్వీసు తన లోపల పిండుకోగలిగిన ఆదా అంతా ఎప్పుడో పిండేసుకుని ఉంటుంది, ఇంకా మిగిలిందంతా సర్వీసుకీ సర్వీసుకీ మధ్యనే ఇరుక్కుని ఉంది.

ఆదా దూరంలోనే పుట్టాలని కూడా లేదు. యూరప్‌లో పి అండ్ జి, టప్పర్‌వేర్ కంపెనీలు బెల్జియం నుంచి గ్రీస్‌కి వెళ్లే సరుకుని కలిపి పంపాయి. పి అండ్ జి వాళ్ల డిటర్జెంట్లు బరువెక్కువ, లారీ నిండకుండానే బరువు పరిమితి వచ్చేస్తుంది. టప్పర్‌వేర్ డబ్బాలేమో తేలిక, కానీ చోటంతా ఆక్రమిస్తాయి. కింద బరువు సరుకు, పైన తేలిక సరుకు వేస్తే బరువూ చోటూ రెండూ సరిపోతాయి, ఇద్దరూ పోటీదారులు కూడా కాదు. స్వీడన్‌లో కలప కంపెనీలది ఇంకో తరహా. ఒక కంపెనీ అడవి ఇంకో కంపెనీ మిల్లు పక్కన ఉంటుంది, ఆ రెండో కంపెనీ అడవి మొదటి కంపెనీ మిల్లు దగ్గర ఉంటుంది, ఇద్దరి లారీలూ దుంగలేసుకుని ఎదురెదురుగా పోతుంటాయి. నీ దుంగలు నేను తీసుకుంటా, నా దుంగలు నువ్వు తీసుకో అనుకుంటే రెండు లారీల దూరమూ తగ్గిపోతుంది. దక్షిణ స్వీడన్‌లో ఎనిమిది కలప కంపెనీల లెక్కలతో 2010లో వచ్చిన పరిశోధనలో ఇలాంటి సహకారంతో రవాణా ఖర్చు మామూలుగా 5 నుంచి 15 శాతం దాకా తగ్గే వీలుందని రాశారు. మార్జిన్ అంతంతమాత్రంగా ఉండే ఈ వ్యాపారంలో అది చిన్న సంగతి కాదు. అయినా అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది, అలా కలిసి ప్లాన్ చేసుకునే కంపెనీలు అరుదు అని. ఎందుకంటే, మళ్లీ అదే, ఎవరికెంత అన్నది ముందు తేలాలి.

అన్ని సరుకులూ కలవవు కూడా, అది మర్చిపోకూడదు. ఆకివీడు, భీమవరం వైపు నుంచి అస్సాం, బెంగాల్‌కి చేపల లోడ్ వేసుకెళ్లిన లారీకి తిరుగులో బట్టల బేళ్లు ఎవరిస్తారు? కాబట్టి కలిసే సరుకు, కలిసే టైము, కలిసే రూటు ఉన్నచోటే ఈ మాటంతా.

ఇక పంపకం లెక్కకి వద్దాం, దీన్ని కాస్త నిదానంగా చూడాలి. ఇది నేను కల్పించిన ఉదాహరణే, కానీ అంకెలు జాగ్రత్తగా చూడండి. విజయవాడ నుంచి గుంటూరు, తెనాలి వైపు బండ్లు తిప్పే మూడు సర్వీసులు, పెద్ద సర్వీసు, మధ్య సర్వీసు, చిన్న సర్వీసు అనుకుందాం. రోజుకి పెద్దవాళ్లకి 300 పార్సిళ్లు, మధ్యవాళ్లకి 250, చిన్నవాళ్లకి 50. విడివిడిగా తిప్పుకుంటే పెద్దవాళ్ల ఖర్చు రోజుకి 6,000 రూపాయలు, మధ్యవాళ్లది 5,000, చిన్నవాళ్లది 4,000, మొత్తం 15,000. పెద్ద, మధ్య కలిస్తే 2,000 మిగులుతుంది. పెద్ద, చిన్న కలిస్తే 3,000 మిగులుతుంది, ఎందుకంటే చిన్నవాళ్ల షాపులన్నీ పెద్దవాళ్ల బండి వెళ్లే దారిలోనే ఉన్నాయి, ఆ 50 పార్సిళ్లు దాంట్లో పడిపోతే ఒక బండి పూర్తిగా ఆగిపోతుంది. మధ్య, చిన్న కలిస్తే 1,000 మాత్రమే. ముగ్గురూ కలిస్తే ఖర్చు 10,800కి దిగుతుంది, అంటే రోజుకి 4,200 మిగులు.

ఇప్పుడు ఈ 4,200 ఎలా పంచుతారు? ఎవరిని అడిగినా మొదట చెప్పేది పార్సిళ్ల లెక్కన అని. అలా పంచితే పెద్దవాళ్లకి 2,100, మధ్యవాళ్లకి 1,750, చిన్నవాళ్లకి 350. బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ పెద్ద, చిన్న ఇద్దరికీ కలిపి వచ్చింది 2,450, మధ్యవాళ్లని వదిలేసి వీళ్లిద్దరే కలిస్తే 3,000 వస్తుంది. ఒక నెలలో వాళ్లకి ఈ లెక్క తెలిసిపోతుంది, రెండో నెలలో పొత్తు ఉండదు.

సరే, ముగ్గురికీ సమానంగా అంటారా, తలా 1,400. పెద్ద, చిన్న కలిపి 2,800, మళ్లీ 3,000 కంటే తక్కువే. పోనీ ఎవరి ఖర్చు ఎంతో ఆ లెక్కన, అంటే అందరికీ తమ తమ ఖర్చులో 28 శాతం చొప్పున? పెద్దవాళ్లకి 1,680, మధ్యవాళ్లకి 1,400, చిన్నవాళ్లకి 1,120, పెద్ద, చిన్న కలిపి మళ్లీ 2,800. చూడ్డానికి ఎంతో న్యాయంగా అనిపించే మూడు పద్ధతులూ ఇక్కడ పొత్తుని విరగ్గొట్టేవే. మంచి మనుషులు, మంచి ఉద్దేశంతో, నమ్మకంగా పంచుకున్నా సరే విరుగుతుంది. ఈ విషయం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే పొత్తు చెడినప్పుడు మనం మనుషుల్ని తిట్టుకుంటాం, వాడు మోసం చేశాడు, వీడికి ఆశ ఎక్కువ అని, కానీ చాలాసార్లు తప్పు మొదటి రోజు కాగితం మీద వేసుకున్న లెక్కలోనే ఉంటుంది.

ఏ ఒక్కరూ, ఏ కొందరూ విడిగా వెళ్లి ఇంతకంటే బాగా సంపాదించుకోలేని పంపకాలన్నిటినీ కలిపి ఈ శాస్త్రంలో కోర్ అంటారు. పంపకం ఆ కోర్ లోపల ఉంటే ఎవరికీ బయటికి వెళ్లడానికి డబ్బు కారణం ఉండదు. మన ఉదాహరణలో మధ్యవాళ్లకి 1,200 కంటే ఎక్కువ ఇస్తే కోర్ దాటిపోయినట్టే, ఎందుకంటే 4,200లో 3,000 ఆ ఇద్దరూ ఎటూ తెచ్చుకోగలరు.

కోర్ లోపల కూడా బోలెడన్ని పంపకాలు ఉంటాయి కదా, మరి ఏది? దీనికి 1953లో లాయిడ్ షాప్లీ అనే గణిత శాస్త్రవేత్త ఒక జవాబు చెప్పాడు, ఆయనకే తర్వాత 2012లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన పద్ధతి ఇలా ఉంటుంది. ముగ్గురూ ఒక్కొక్కరుగా గదిలోకి వస్తున్నారనుకోండి, వచ్చిన ప్రతివాడూ తను రావడం వల్ల కొత్తగా ఎంత మిగిలిందో అంత తీసుకుంటాడు. ముందు పెద్ద వచ్చాడు, ఒక్కడే ఉన్నాడు కాబట్టి సున్నా. తర్వాత మధ్య వచ్చాడు, 2,000 పుట్టింది, అది మధ్యది. ఆఖర్న చిన్న వచ్చాడు, మొత్తం 4,200 అయింది, కాబట్టి చిన్నకి 2,200. కానీ వచ్చే వరస మారితే అంకెలు మారిపోతాయి, ఆఖర్న వచ్చినవాడికి ఎక్కువ దక్కే అవకాశం ఉంది, అది అన్యాయం కదా, అందుకని సాధ్యమైన వరసలన్నీ వేసి సగటు తీస్తాం. ముగ్గురికి ఆరు వరసలు. పెద్దకి ఆరు వరసల్లో వచ్చేవి 0, 0, 2,000, 3,200, 3,000, 3,200, కలిపితే 11,400, సగటు 1,900. ఇలాగే వేస్తే మధ్యకి 900, చిన్నకి 1,400. కాగితం తీసుకుని మీరే వేసి చూడండి, పావుగంట పని. పెద్ద, చిన్న కలిపి 3,300, అంటే 3,000 కంటే ఎక్కువ, మిగతా జంటలకీ సరిపోయింది, పొత్తు నిలబడుతుంది. షాప్లీ లెక్క ప్రతిసారీ కోర్‌లో పడుతుందని గ్యారంటీ లేదు, అది ఎప్పటికప్పుడు చూసుకోవాలి, ఇక్కడ పడింది.

ఇందులో ఎక్కడ గొడవ వస్తుందో కూడా చెప్పేస్తా. 50 పార్సిళ్లవాడికి 1,400, 250 పార్సిళ్లవాడికి 900 అనేసరికి మధ్య సర్వీసు ఓనర్ గుర్రుమంటాడు. నా సరుకు ఐదింతలు కదా అంటాడు. పైగా కట్టాల్సిన ఖర్చు చూస్తే పెద్దవాళ్లకి 6,000లో 1,900 పోగా 4,100, మధ్యవాళ్లకి 5,000లో 900 పోగా అదే 4,100, చిన్నవాళ్లకి 2,600. 300 పార్సిళ్లవాడూ 250 పార్సిళ్లవాడూ ఒకే డబ్బు కడుతున్నారంటే ఏ ఓనర్‌కైనా కడుపు మండుతుంది. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటే, ఇక్కడ పంచుతున్నది సరుకు మోసినందుకు కూలి కాదు, కలవడం వల్ల పుట్టిన మిగులు, ఆ మిగులు పుట్టడానికి మీ సరుకు కంటే చిన్నవాడి దారి ఎక్కువ పనికొచ్చింది. ఒప్పుకోవడం కష్టమే. అయినా మధ్యవాళ్లకి రోజుకి 900 అంటే విడిగా ఉంటే రాని 900.

ఆ కష్టం తెలిసే స్వీడన్ వాళ్లు ఇంకో పద్ధతి పెట్టారు. నే చెప్పిన పరిశోధనలో ప్రతిపాదించింది అదే, ఎవరి ఖర్చులో ఎంత శాతం తగ్గింది అన్నది అందరికీ వీలైనంత దగ్గరగా ఉండాలి, కానీ కోర్ మాత్రం దాటకూడదు. మన అంకెలు వేస్తే మధ్యవాళ్లకి గరిష్ఠంగా 1,200, అంటే వాళ్ల ఖర్చులో 24 శాతం. మిగిలిన 3,000లో పెద్దవాళ్లకి 1,800, చిన్నవాళ్లకి 1,200, ఇద్దరికీ 30 శాతం. ఓనర్ల మధ్య కూర్చుని చెప్పాలంటే ఇది చాలా సులువు, "మాకు 30 తగ్గింది, మీకు 24 తగ్గింది, ఇంతకంటే మీకిస్తే మేమిద్దరం విడిగా పోతే నయం" అని ఒక్క వాక్యంలో అయిపోతుంది. షాప్లీ లెక్క గణితంగా అందమైనది, ఎవరి వల్ల ఎంత పుట్టిందో తూచినట్టు చెప్తుంది, కానీ నన్నడిగితే ముగ్గురు నలుగురు చిన్న ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఈ శాతాల పద్ధతే మేలు, ఎందుకంటే బుకింగ్ క్లర్క్ కూడా అర్థం చేసుకుని తన ఓనర్‌కి చెప్పగలిగే లెక్క మీదే నమ్మకం నిలబడుతుంది.

జనం పెరిగితే ఇంకో ఇబ్బంది. షాప్లీకైనా కోర్‌కైనా ప్రతి జట్టుకీ, అంటే ఒక్కొక్కరే అయితే ఎంత, ఏ ఇద్దరు కలిస్తే ఎంత, ఏ ముగ్గురు కలిస్తే ఎంత అని విడివిడిగా ఖర్చు తెలియాలి. ముగ్గురికి ఏడు జట్లు, పదిమందికి 1,023, ఇరవై మందికి 10,48,575. ఒక్కో జట్టుకీ మళ్లీ రూట్ల లెక్క మొదటి నుంచి వెయ్యాలి, అదే అసలే కష్టమైన లెక్క. అందుకే పెద్ద జట్లలో వరసలన్నీ వెయ్యకుండా కొన్ని వేల వరసలు లాటరీలాగా తీసి సగటు వేసేస్తారు, అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది కానీ పని జరుగుతుంది.

ఇక నిజం దాచడం సంగతి. పై లెక్కంతా ఎవరి ఖర్చు వాళ్లు నిజం చెప్పారన్న నమ్మకం మీద నడిచింది. మధ్య సర్వీసు ఓనర్ "నేనొక్కణ్నే తిప్పుకున్నా 4,400తో అయిపోతుంది" అన్నాడనుకోండి, 600 తగ్గించి చెప్పాడు. షాప్లీ లెక్క మళ్లీ వేస్తే ఆయన కట్టేది 4,100 నుంచి 3,900కి దిగుతుంది, పెద్ద, చిన్న ఇద్దరూ చెరో 100 ఎక్కువ కడతారు, రోజూ. మామూలుగా ఖర్చు ఎక్కువ చెప్పి మోసం చేస్తారనుకుంటాం, ఇక్కడ తక్కువ చెప్తే లాభం, నాకు మీతో అంత అవసరం లేదు అన్నట్టు నటించడం అన్నమాట. దీనికి మందు, ఎవరి ఖర్చు వాళ్లని చెప్పనివ్వకపోవడమే. కిలోమీటర్‌కి ఇంత, స్టాపుకి ఇంత, డ్రైవర్ రోజుకి ఇంత అని ముగ్గురికీ ఒకే రేటు ముందే రాసుకుని, ఎవరి అడ్రస్సులు ఇస్తే దాన్నిబట్టి వాళ్ల ఒంటరి ఖర్చు లెక్క కట్టాలి.

అడ్రస్సులు ఇవ్వాలి అనేసరికి అసలు భయం బయటికొస్తుంది. నా కస్టమర్ల లిస్టు పోటీవాడి చేతికిస్తే రేపు వాడే వెళ్లి రేటు తగ్గించి లాక్కుపోడా? ఈ భయం న్యాయమైనదే, దీన్ని మొహమాటంతో కప్పేయకూడదు. యూరప్‌లో దీనికోసం మధ్యవర్తి కంపెనీలు పుట్టాయి, బెల్జియంలో ఆంట్‌వెర్ప్ దగ్గర ట్రైవైజర్ అనేది అలాంటిదే, అందరి డేటా దాని దగ్గరే ఉంటుంది, రూట్ అదే వేస్తుంది, పంపకం అదే చేస్తుంది, ఒకరి వివరాలు ఇంకొకరికి చూపించదు. ఇంకో దారి వేలం. అందరూ మొత్తం లిస్టు ఇవ్వక్కర్లేదు, ఎవరికి వాళ్లకి దారి తప్పి ఇబ్బంది పెట్టే పార్సిళ్లు మాత్రమే బుట్టలో వేస్తారు, అవి ఎవరి రూట్‌లో పడతాయో వాళ్లు ఇంత ఇస్తే చేస్తామని పాడతారు. ఒక ఊరి పార్సిళ్లన్నీ గుత్తగా పాడుకునే వీలుంటే ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే ఒక్క పార్సిల్ కోసం ఎవరూ ఆ ఊరికి పోరు, పది ఉంటే పోతారు. ఇందులో ఆదా మొత్తం కలిపేసుకున్నంత రాదు, కానీ గుట్టు కాస్త మిగులుతుంది. కొత్తగా మొదలెట్టేవాళ్లకి ఇదే సరైన మొదటి మెట్టు అని నా అభిప్రాయం.

పంపకం రూల్ పాతబడిపోతే ఏమవుతుందో చూడాలంటే ప్రపంచంలోకెల్లా పెద్ద డెలివరీ పొత్తుని చూడండి, పోస్టాఫీసులది. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కొన్ని దేశాలు కూర్చుని పెట్టుకున్న తపాలా సంఘం, మన దేశం 1876లో చేరింది. అప్పుడు పెట్టుకున్న రూల్ ఎంత సింపుల్ అంటే స్టాంపు డబ్బులు అమ్మిన దేశానివే, ఉత్తరం ఇచ్చే దేశం ఫ్రీగా ఇస్తుంది, ఎందుకంటే ప్రతి ఉత్తరానికీ జవాబు వస్తుంది, ఇటు ఎన్నో అటు అన్నే, లెక్క సరిపోతుంది. అప్పటికి అది తెలివైన రూలే, లెక్కలు రాసే ఖర్చే మిగిలింది. కానీ రానురాను కొన్ని దేశాలకి వచ్చేవి ఎక్కువ, పంపేవి తక్కువ అయ్యాయి, ఊరికే మోస్తున్నామన్న గొడవ పెరిగి 1969లో టోక్యో సమావేశంలో, ఎక్కువ పంపిన దేశం ఎక్కువ మోసిన దేశానికి డబ్బు కట్టాలని ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆన్‌లైన్ షాపింగ్ వచ్చింది, చైనా నుంచి చిన్న ప్యాకెట్లు కుప్పలుగా అమెరికా చేరడం మొదలైంది, మేం మోసేదానికి మాకొచ్చేది చాలట్లేదని అమెరికా 2018 అక్టోబర్‌లో సంఘం నుంచి బయటికి పోతామని నోటీసే ఇచ్చేసింది. 2019 సెప్టెంబర్‌లో జెనీవాలో ప్రత్యేకంగా కూర్చుని రేట్లు మార్చుకున్నాక ఆగింది. 145 ఏళ్ల పొత్తు, అంచు దాకా వెళ్లి వచ్చింది. ఉత్తరాలు చేరవేయడంలో లోపం ఏమీ లేదు, మోసే సరుకు మారిపోయింది, పంపకం రూల్ దానితో పాటు మారలేదు.

జపాన్‌లో ఇప్పుడు ఈ విషయం మీద పని బాగా జరుగుతోంది, ఇష్టపడి కాదు, తప్పక. 2024 ఏప్రిల్ నుంచి లారీ డ్రైవర్ల ఓవర్‌టైమ్‌కి ఏడాదికి 960 గంటల పరిమితి పెట్టారు, డ్రైవర్లు అసలే తక్కువ. అంతకుముందే అజినొమొటో, హౌస్ ఫుడ్స్, కగోమె లాంటి ఆహార కంపెనీలు పోటీ సరుకులో పడదాం, రవాణా కలిసి చేద్దాం అనుకుని, 2019లో ఎఫ్-లైన్ అని ఉమ్మడి కంపెనీయే పెట్టుకున్నాయి. ఫుకువోకాలో తెంజిన్ అనే రద్దీ ప్రాంతానికి వేర్వేరు ట్రాన్స్‌పోర్ట్‌ల సరుకు ఒకచోట దించి కలిపి పంచే పద్ధతి 1978 నుంచీ ఉంది. అదే జపాన్‌లో చెడినవీ ఉన్నాయి. యమాటో అనే పార్సిల్ కంపెనీ, జపాన్ పోస్ట్ 2023 జూన్‌లో చేతులు కలిపాయి, యమాటో తీసుకున్న చిన్న పార్సిళ్లు జపాన్ పోస్ట్ డెలివరీ చేసేట్టు. ఏడాదిన్నర తిరిగేసరికి, సరుకు అప్పగించడం ఆపుతామని యమాటో అనడం, దానికోసం పెట్టుబడి పెట్టేశామని జపాన్ పోస్ట్ 2024 డిసెంబర్‌లో 1,200 కోట్ల యెన్‌లకి కోర్టుకెక్కడం జరిగాయి. రూట్‌కి, పంపకానికి ఎంత ఆలోచిస్తామో, ఒకరు మధ్యలో వెళ్లిపోతే రెండోవాళ్లు కొన్న బండ్లు, పెట్టుకున్న మనుషుల సంగతేంటి అన్నదానికీ అంతే ఆలోచించాలని అర్థం.

సమానంగా పంచుకోవడం ఎక్కడా నిలబడదని కాదు. ముంబై డబ్బావాలాలు చూడండి, 1890 నుంచి నడుస్తున్న వ్యవస్థ, ఒక డబ్బా దారిలో చేతులు మారుతూ వెళ్తుంది, ఒక్కో గ్రూపు ఖర్చులు పోగా వచ్చిందాన్ని సభ్యులు సమానంగా పంచుకుంటారు. అక్కడ కుదరడానికి కారణం ఉంది, ఒక్కొక్కరూ తెచ్చేది దాదాపు ఒకటే, ఒక మనిషి కష్టం, ఒక సైకిలు, ఒక లోకల్ ట్రైన్ పాసు. తెచ్చేది సమానమైతే, కోర్ అంటూ ఉంటే సమాన పంపకం అందులోనే పడుతుంది.

చట్టం గురించి కూడా ఒక మాట, మన దగ్గర లారీ యూనియన్లు సీరియల్ ప్రకారం లోడ్ ఇచ్చే పద్ధతి చాలామందికి తెలుసు, దాన్నీ దీన్నీ ఒకటే అనుకుంటారు. కాదు. కలిసి బండి నింపుకుని ఖర్చు తగ్గించుకోవడం ఒకటి, కలిసి కిరాయి రేటు ఇంతకి తగ్గకూడదని కట్టడి చెయ్యడం ఇంకోటి. 2002 కాంపిటిషన్ యాక్ట్ మూడో సెక్షన్ పోటీదారులు కలిసి రేట్లు ఫిక్స్ చెయ్యడాన్ని తప్పంటుంది, అదే సెక్షన్ సరఫరాలోనో పంపిణీలోనో సామర్థ్యం పెంచే జాయింట్ వెంచర్‌కి మినహాయింపు ఇస్తుంది. హిమాచల్‌లో బర్మానా, దార్లాఘాట్ సిమెంట్ ఫ్యాక్టరీలు ట్రక్కు యూనియన్లతో కిరాయి గొడవ మీద 2022 డిసెంబర్ నుంచి 2023 ఫిబ్రవరి దాకా మూతపడ్డాయి, ఆ రెండు నెలలూ లారీ ఓనర్లకీ కిరాయి లేదు. కాబట్టి పొత్తు కాగితంలో కస్టమర్ దగ్గర ఎవరు ఎంత వసూలు చెయ్యాలి అన్నది రాయనే కూడదు, ఎవరి రేటు వాళ్లదే, కలిసేది ఖర్చు దగ్గరే.

ఇక లోడింగ్ దగ్గర జరిగేది. మూడు సర్వీసుల సరుకు ఒకే బండిలో వేస్తున్నప్పుడు హమాలీలు అలవాటు కొద్దీ ఒక సర్వీసు సరుకంతా ఒక మూల, ఇంకోటి ఇంకో మూల సర్దేస్తారు, బిల్లు లెక్క చూసుకోవడానికి వీలని. అలా వేస్తే కలిపి వేసిన రూట్ మొత్తం దండగే, మొదటి షాపు దగ్గరే సగం బండి దించి మళ్లీ ఎక్కించాలి. సర్వీసు వారీగా కాదు, షాపు వారీగా, అదీ వెనక నుంచి ముందుకి, ఆఖర్న ఇచ్చే తెనాలి సరుకు లోపల, ముందు ఇచ్చే మంగళగిరి సరుకు తలుపు దగ్గర వెయ్యాలి. దీనికి లోడింగ్‌లో ఓ అరగంట ఎక్కువ పట్టొచ్చు, ఆ హమాలీ ఖర్చు మిగుల్లోంచి ముందే తీసెయ్యాలి, లేకపోతే 4,200 అనుకున్నది చేతికొచ్చేసరికి తగ్గిపోయి అనుమానాలు మొదలవుతాయి.

ఈ-వే బిల్, అంటే జీఎస్టీ కింద సరుకు రవాణాకి తీసే బిల్లు, ఉన్న సరుకు ఒక బండి నుంచి ఇంకో బండికి మారితే దాంట్లో బండి వివరాలుండే పార్ట్-బి లో కొత్త బండి నంబర్ ఎక్కించాలి, ఒకే బండిలో చాలా బిల్లులు ఉంటే కన్సాలిడేటెడ్ ఈ-వే బిల్ తీసుకోవచ్చు, ఈ పని ఏ సర్వీసు క్లర్క్ చెయ్యాలో పేరు పెట్టి రాసుకోండి. సరుకు పగిలితే, తడిస్తే బాధ్యత బండి నడిపినవాడిదా, బుక్ చేసినవాడిదా అన్నది కూడా. క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు ఎవరి చేతికొచ్చినా ఆ సాయంత్రమే అసలు సర్వీసుకి చేరాలి, ఖర్చుల పంపకంలో దాన్ని కలపకూడదు. పార్సిళ్ల సంఖ్య, రూట్లు మారుతుంటాయి కాబట్టి మూడు నెలలకోసారి ఒంటరి ఖర్చులూ జంట ఖర్చులూ మళ్లీ వేసి పంపకం సరిచూసుకోవాలి. వెళ్లిపోదలుచుకున్నవాళ్లు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఉమ్మడిగా కొన్నవాటి బాకీ ఎలా తీర్చాలి అన్నది, అందరూ బాగున్నప్పుడే, మొదటి బండి ఎక్కించకముందే సంతకాలతో రాసి పెట్టుకోవాలి.